ఆటలో హాజరుపట్టిక



నేను ముప్పదియేండ్లు పాఠశాలలో పిల్లల హాజరు వ్రాసినవాడను. ఇటీవల ఒకనాటి రాత్రి పదునొకండున్నరకు మా మనుమడు నిద్రనుండి లేచి ఫోను తెఱచుట చూచి కారణ మడిగితిని. “ఇవాళ తెరవకపోతే నలభై రోజుల వరుస తెగిపోతుంది, తాతయ్యా” అనెను. నా పట్టికకంటె గట్టి పట్టిక యొకటి వానిని పట్టియున్నదని అప్పుడు బోధపడినది.

దాని రీతి తెలియుటకు సేద్యము నెఱిగిన మనకు సులభమైన దృష్టాంత మొకటి గలదు. 2009లో అమెరికాలోని జింగా యను సంస్థ ఫేస్‌బుక్కునందు ‘ఫార్మ్‌విల్’ అను సేద్యపుటాటను వెలువరించెను. ఆడువాడు తెరమీదనే దున్ని, విత్తి, కోయవలెను. స్ట్రాబెర్రీ 4 గంటలలో పండును. సకాలమున వచ్చి కోయకున్న వాడిపోవును. మన చేలలో అదను నిర్ణయించునవి వానయు, నేలయు, కార్తెలును. అచ్చట నిర్ణయించినది సంస్థయే. ఆడువాడు మరల వచ్చుటకే యా గడువు. ఇరుగుపొరుగులకు కానుకలు పంపు నేర్పాటును గలదు. పుచ్చుకొన్నవాడు బదులు పంపక మానునా? ఇట్లు మొగమాటము సైతము పనిముట్టయ్యెను. ఆ తొలి యాట 2020 డిసెంబరు 31న ముగిసెను గాని, దాని పద్ధతులు ముగియలేదు.

ఇట్టి యాటలలో ఆడువాడెప్పుడు వచ్చెను, ఎంతసేపుండెను, ఏ ఘట్టమున విసిగి లేచెను అనునవి దూరముననున్న యంత్రములలో నమోదగుచుండును. కొందఱకొక తీరునను, కొందఱకు వేఱొక తీరునను ఆటను చూపి, ఎందు జనులెక్కువసేపు నిలుతురో దానినే యుంచుదురు. రానివానికి బహుమానము సిద్ధముగా నున్నదని కబురు పంపుదురు.

బహుమానమునందును మర్మము గలదు. అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ పావురములను పరీక్షించెను. పొడిచినప్పుడెల్ల గింజ వచ్చుటకంటె, ఎప్పుడు వచ్చునో తెలియనప్పుడే పక్షి విడువక పొడుచునని కనుగొనెను. 1957లో ఫెర్‌స్టర్‌తో గూడి యీ విషయమును గ్రంథముగా ప్రకటించెను. ఆటలలోని అదృష్టపు పెట్టెలు ఈ సూత్రముమీదనే నడచును. కొన్ని యాటలలో సొమ్ము చెల్లించి తెఱచు నట్టి పెట్టెలు జూదమేయని 2018లో బెల్జియము దేశపు జూదనియంత్రణాధికారులు నిర్ణయించిరి.

నేనును హాజరు వ్రాసితిని, బహుమానములిచ్చితిని. మఱి భేదమేమి? నా పట్టిక, పిల్లవాడు చదువు ముగించి బడి విడిచిపోవుటకై. ఈ పట్టిక, వాడెన్నడును విడువకుండుటకై.

కావున పెద్దలారా, తిట్టి ఫోను లాగికొన్నచో పని నెఱవేఱదు. పిల్లవాని ప్రక్కన కూర్చుండి రెండు ప్రశ్నలడుగుడు: ఈ గడువు పెట్టినవారెవరు? నీవు రానిచో నష్టమెవరికి? మావాడు రెండుదినము లాలోచించి, మూడవనాడు తన వరుసను తానే తెంపుకొనెను. ఆ రాత్రి కొంత వగచెను. మఱునాడు దాని మాటయే తలపలేదు.