డిగ్రీలో స్పానిష్ భాష: మన పిల్లలకు ఎందుకు?
(మంగినపూడి సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా ఇంటర్ చదువుతున్న మన పిల్లల కోసం.

ఇంటర్ తర్వాత ఏం చదవాలంటే మన కాలనీల్లో వినిపించేవి కొన్నే: డీఎడ్, నర్సింగ్, ఐటీఐ, కానిస్టేబుల్ పరీక్ష. అన్నీ మంచివే. మేమూ టీచర్ ట్రైనింగ్ చేసి ఈ హాస్టల్ పనిలోకి వచ్చినవాళ్ళమే. అయితే హైదరాబాదులో ఇఫ్లూ అనే కేంద్ర విశ్వవిద్యాలయం ఉంది. 1958లో ఇంగ్లీషు బోధనకు పెట్టిన సంస్థ అది, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. అక్కడా, ఢిల్లీ జేఎన్‌యూలోనూ స్పానిష్‌లో బీఏ ఆనర్స్ ఉంది. ముందే స్పానిష్ వచ్చి ఉండనక్కర్లేదు, అక్షరాల దగ్గర నుంచే మొదలుపెడతారు. కేంద్ర విశ్వవిద్యాలయాల సీట్లలో 7.5 శాతం ఎస్టీలవి. అంటే మనవి.

నిరుడు ఒక తల్లి మమ్మల్ని అడిగింది: "ఆ భాష మాట్లాడేవాళ్ళు బందరులో ఎవరున్నారమ్మా?" న్యాయమైన ప్రశ్న. బందరులో ఎవరూ లేరు. ప్రపంచంలో మాత్రం 50 కోట్లకు దగ్గరగా ఉన్నారు, 20 దేశాల్లో అది అధికార భాష. అసలు పరాయి భాషలు బందరుకు కొత్తా? 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వ్యాపారానికి దిగింది ఈ తీరంలోనే. రెండు భాషలు తెలిసిన దుబాసీలు అప్పట్లో బాగా బతికారు. మనవాళ్ళకు ఆ రోజుల్లో పలక కూడా అందలేదు. ఇప్పుడు అందింది కాబట్టే ఈ మాట ఎత్తుతున్నాం.

తెలుగు మీడియం పిల్లలు మొదట భయపడేది ఉచ్చారణకి. ఇక్కడ మీకో మంచి కబురు. స్పానిష్ దాదాపు రాసినట్టే చదువుతారు. ఇంగ్లీషులాగా స్పెల్లింగు ఒకటి, పలుకు ఒకటి కాదు. అచ్చులు అయిదే. త, ద మనలాగే నాలుక పళ్ళకు తగిలించి పలుకుతారు. 'పెరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే 'కుక్క'. ర, బండి ఱ తేడా చిన్నప్పుడు నేర్చుకున్నాం కదా, ఆ చెవి ఇక్కడ పనికొస్తుంది. ఇంగ్లీషులో చిన్నాపెద్దా అందరికీ ఒకటే 'యూ'. స్పానిష్‌లో 'తూ' అంటే నువ్వు, 'ఉస్తెద్' అంటే మీరు. 'మాట్లాడతాను' అంటే 'నేను' వేరే చెప్పక్కర్లేదు కదా, వాళ్ళకీ అంతే, క్రియ చివరే మనిషి తెలిసిపోతాడు. 'నాకు చేపలు ఇష్టం' అనడానికి 'మె గుస్త ఎల్ పెస్కాదో' అంటారు. అందులో 'మె' అంటే 'నాకు'. ఇంగ్లీషులో 'ఐ లైక్' దగ్గర తికమకపడిన పిల్లలు ఇక్కడ తేలిగ్గా ఊపిరి పీలుస్తారు.

కొన్ని మాటలు చుట్టాల్లా పలకరిస్తాయి. బొప్పాయి వాళ్ళకు 'పపాయ', పాదిరి 'పాద్రె', మన మేస్త్రి 'మాయెస్త్రో'. స్పానిష్‌కు చెల్లెలి వరస అయిన పోర్చుగీసు ఓడల మీద వచ్చిన మాటలు ఇవి. మా మెస్సులో రోజూ ఉడికే టమాటా కూడా ముందు మెక్సికో ఆదివాసుల నాఁవతల్ మాటే. స్పానిష్ నోట పడి 'తొమాతె' అయి ప్రపంచమంతా తిరిగింది.

కష్టాలూ చెప్పాలి. వాళ్ళకు బల్ల ఆడది, పుస్తకం మగది. ఎందుకని అడిగితే జవాబు లేదు, బట్టీ పట్టాల్సిందే. స్పానిష్ తీసుకుంటే ఇంగ్లీషు బెడద తప్పుతుందనీ అనుకోవద్దు. మొదటి రోజుల్లో పాఠం వివరించేది ఇంగ్లీషులోనే, నిఘంటువులూ అందులోవే.

ఇంకో సంగతి మన వాళ్ళు తప్పక తెలుసుకోవాలి. 1492లో కొలంబస్ ఓడలు వెళ్ళి తగిలిన నేల మీద ఉన్నది ఆదివాసులు. ఇండియా చేరాననుకుని వాళ్ళకు 'ఇండియన్లు' అని పేరు పెట్టాడు. ఆ తర్వాత భూమీ పోయింది, ఎన్నో భాషలూ పోయాయి. స్పానిష్ వాళ్ళ నెత్తిన ఎక్కిన భాష. అయినా దాన్నే పట్టుకుని లేచినవాళ్ళున్నారు. బెనీతో హువారెస్ సపోతెక్ తెగ పిల్లవాడు, పన్నెండేళ్ళ దాకా స్పానిష్ రాదు. 1858లో మెక్సికో అధ్యక్షుడయ్యాడు. గ్వాటెమాలాలో మాయా తెగ ఆడపిల్ల రిగోబెర్తా మెంచూ తోటల్లో కూలిపని చేసింది, స్పానిష్ నేర్చుకుంది. 1982లో పారిస్‌లో ఆ భాషలోనే తన జీవితం చెప్పి రికార్డు చేయించింది. అది మరుసటి ఏడు పుస్తకంగా వచ్చింది, 1992లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. తన భాష వదిలేసి కాదు, దాని పక్కన ఇంకోటి పెట్టుకుని.

మన గురించి చాలాకాలం రాసింది ఎవరు? నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయ్యేదాకా ఎరుకలవారి చరిత్ర పోలీసు రికార్డులే రాశాయి. ఎరుకల ఇళ్ళలో ముసలివాళ్ళు మాట్లాడే కుర్రు భాషను మా హాస్టల్లో పిల్లలు నలుగురిలో పలకడానికి సిగ్గుపడతారు. పరాగ్వే దేశంలో ఆదివాసుల గ్వారానీ 1992 రాజ్యాంగం నుంచి స్పానిష్‌తో సమానంగా అధికార భాష. ఒక భాషను పద్ధతిగా చదివిన పిల్ల అవ్వ దగ్గర కూర్చుని కుర్రు మాటలు నోటుబుక్కులో ఎక్కించగలదు. మేము స్పానిష్ చదవమని చెప్పడంలో సగం ఆశ ఇదే.

మిగతా సగం ఉద్యోగం. హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో అనువాదం, కస్టమర్ సర్వీసు పనులున్నాయి. 'ఓలా' అన్నంత మాత్రాన ఇవ్వరు, బీ2 స్థాయి అడుగుతారు. దానికి డెలే అనే పరీక్ష ఉంది, ఢిల్లీలోని సెర్వాంతెస్ సంస్థ పెడుతుంది. ఫీజు మన ఇళ్ళకు తక్కువేమీ కాదు, ముందే లెక్క వేసుకోవాలి. మన రాష్ట్రంలోనే దారి చూపిన చోటు అనంతపురం. స్పెయిన్ నుంచి వచ్చిన విసెంటె ఫెర్రర్ 1969లో అక్కడ ఆర్డీటీ మొదలుపెట్టారు. ఆ సంస్థ శ్రీశైలం అడవుల్లో చెంచుల మధ్యా పనిచేసింది. పల్లెటూరి పేద పట్టభద్రులకు స్పానిష్ లాంటి విదేశీ భాషలు నేర్పే బడి కూడా పెట్టింది.

ఇంటర్ రెండో సంవత్సరం వాళ్ళు ఇప్పుడే చేయాల్సింది కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం తీసి పెట్టుకోవడం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకూ అవే కావాలి. పదో తరగతి మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉన్నవాళ్ళు సచివాలయానికి వెళ్ళి ముందు అది సరిచేయించుకోండి. ఫారం నింపడం రాకపోతే ఆదివారం మధ్యాహ్నం హాస్టల్‌కు రండి, మేము కూర్చుని నింపిస్తాం.