లోహవర్తకుడు రిచర్డ్ మెర్టన్
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ముగ్గురాయి, రాతినార, కడప బండలు దొరకు ఈ సీమవారికి ఒక సంగతి క్రొత్త కాదు. భూమినుండి రాయి తీసినవానికి కూలి దక్కును. దానిని దేశదేశములకు అమ్మువానికి భాగ్యము దక్కును. ఈ వర్తకమర్మము నెరిగి ప్రపంచఖ్యాతి గాంచినది జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమందలి మెర్టన్ కుటుంబము.

విల్‌హెల్మ్ మెర్టన్ 1881లో మెటాల్‌గెజెల్‌షాఫ్ట్ అను లోహవ్యాపార సంస్థను స్థాపించెను. రాగి, సీసము, తుత్తునాగముల వర్తకములో అది అగ్రస్థానము నందుకొనెను. ఆ సంవత్సరముననే అతని కుమారుడు రిచర్డ్ జన్మించెను. యూదవంశజులైన ఆ కుటుంబమువారు ఆ శతాబ్దాంతమున క్రైస్తవమును స్వీకరించి జర్మను సంఘములో పాలలో నీరువలె కలిసిపోయిరి. ఆర్జించిన ధనమును దాచుకొనక ప్రజాహితమునకు వినియోగించిరి. పౌరుల విరాళములతో 1914లో వెలసిన ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయమునకు విల్‌హెల్మ్ ముఖ్యదాతలలో ఒకడు.

ఆ ఏడే మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. ఆస్ట్రేలియా గనులతో జర్మను వర్తకులు చేసికొనిన ఒడంబడికలు రద్దయ్యెను. లండనులోని మెర్టన్ బంధువుల సంస్థ శత్రుసంబంధము గలదను కారణమున మూతబడెను. అక్కడ వారి నేరము జర్మనులగుట.

రిచర్డ్ జర్మను సైన్యమున చేరి, యుద్ధోత్పత్తులను నడపు జనరల్ గ్రోనర్ కొలువులో పనిచేసెను. 1917లో అతడొక విజ్ఞాపన వ్రాసెను. శ్రామికుల కూలితోపాటు యజమానుల లాభములను గూడ ప్రభుత్వమే క్రమబద్ధము చేయవలెనని అందలి సారాంశము. యజమానియే యజమానుల లాభమునకు హద్దు కోరుట అరుదు. కొలది దినములకే గ్రోనర్ ఆ పదవినుండి తొలగింపబడెను.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. 1935 నాటి న్యూరెంబర్గు శాసనములు మనిషి నమ్మిన మతమును చూడలేదు. తాతల మతమును లెక్కించినవి. 1938లో రిచర్డ్ తండ్రి స్థాపించిన సంస్థనుండియే వెడలవలసి వచ్చెను. ఆ నవంబరులో అతనిని బుకెన్‌వాల్డ్ నిర్బంధశిబిరమునకు కొనిపోయిరి. విడుదలయై 1939లో ఇంగ్లండు చేరెను. ఇక్కడ అతని నేరము యూదుడగుట. ఒకే ఇంటిపేరు ఒక యుద్ధమున ఒక దేశమునకు, మరియొక యుద్ధమున మరియొక దేశమునకు పరాయిదయ్యెను!

రెండవ యుద్ధానంతరము అతడు ఫ్రాంక్‌ఫర్ట్‌కు తిరిగివచ్చి సంస్థను మరల నిలబెట్టుటలో పాల్గొనెను. 1949లో పునరుద్ధరింపబడిన విద్యావిజ్ఞాన దాతల సంఘమునకు అధ్యక్షుడై, శిథిలములైన విద్యాలయములకు విరాళములు కూర్చెను. 1960 జనవరిలో మరణించెను. కర్నూలున పుట్టి ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకు ఆయువుపట్టైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కీర్తిశేషులైనదియు ఆ మరుమాసముననే.

మెటాల్‌గెజెల్‌షాఫ్ట్ అను పేరు నేడు లేదు, విశ్వవిద్యాలయము ఉన్నది. దానము ధనముకంటె దీర్ఘాయువని ఇంతటితో ముగించుట సులభము. కాని అది అర్ధసత్యము. 1933లో ఆ విశ్వవిద్యాలయమే తన యూద అధ్యాపకులను వెళ్లగొట్టెను. దాతలు కట్టించిన తలుపు తనంత తాను తెరచియుండదు. దానిని తెరచి యుంచవలసినవారు లోపల కూర్చున్నవారే. ఇరువది యైదేండ్లుగా ఈ గ్రంథాలయపు గడపలో కులమేది, మతమేది అని అడిగినవారు లేరు. ఇక ముందును ఎవ్వరును అడుగకుండ చూచుట పాఠకుల బాధ్యత.