నా పూట నాకెవరిస్తారు?

(మొఘల్‌పురాలో జరిగిన స్త్రీల ఆరోగ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భసంచి ముఖద్వారం కాన్సర్ పరీక్ష గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ గల్లీల్లో ఇంటింటికీ తిరిగి ఆ పరీక్ష చేయించుకోమని చెప్పేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అందుకే ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. మీ అందరికీ చెప్పిన నేను, నా చీటీని ఏడు నెలలు పోపులడబ్బా కింద పెట్టి ఉంచాను.

ఆ ఏడు నెలల్లో జరిగింది మీ ఇళ్ళల్లోనూ జరిగేదే. సంక్రాంతి తర్వాత అత్తమ్మ జారిపడి, తుంటి విరిగి మంచం పట్టింది. మార్చిలో చిన్నోడికి పదో తరగతి పరీక్షలు. ఎండాకాలంలో పెద్దమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. ఆషాఢం వచ్చేసరికి లాల్‌దర్వాజా బోనాలకని ఇంటినిండా చుట్టాలు. వీటన్నిటి మధ్యా గిరాకీలకు కుట్టి ఇవ్వాల్సిన జాకెట్లు. పరీక్ష చేసే వేళలేమో పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. అత్తమ్మను శుభ్రం చేయడం, బాలింతకు స్నానం, వంట, నల్లా నీళ్ళు - అన్నీ ఆ వేళలోనే. ఒకసారి ఎలాగో వీలు చిక్కితే ఆ రోజే నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో ఈ పరీక్ష చేయరు.

ఆఖరికి ఇంట్లో చెప్పాను. మా ఆయన మొదట అడిగిన మాట, "మరి అమ్మను ఎవరు చూస్తరు?" ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆ ప్రశ్నే ముందు ఎందుకు వచ్చింది? తాను ఒకపూట దుకాణం మానుకోవచ్చునన్న ఆలోచన ఎందుకు రాలేదు? అత్తమ్మ అయితే, "బాగనే ఉన్నవ్ గదనే, రోగం లేనోళ్ళు దవాఖానకు పోతరా?" అంది.

రోగం లేనప్పుడే పోవాలన్నది మనం చెప్పలేకపోతున్న సంగతి. ఈ కాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. చాలామందిలో అది దానంతట అదే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొద్దిమందిలో కాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది, పదిహేనేళ్ళు పడుతుంది. అంటే ముందే పట్టుకోవడానికి గడువుంది. ఆ గడువునంతా మనం ఇంటిపనికి ధారపోస్తున్నాం. పరీక్ష పట్టేది కొద్ది నిమిషాలే. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆసిడ్ అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ కనిపిస్తుందేమో చూస్తారు.

నాకు దారి చూపింది పక్కింటి ఆపా. ఆమె దగ్గరా నాలాంటి చీటీయే ఉంది. "నువ్వు పోయిరా, అమ్మ దగ్గర నేను కూసుంట. నేను పోయిననాడు నా పిల్లల్ని నువ్వు చూసుకో" అంది. అట్లా ఒక పూటకు ఒక పూట మార్చుకున్నాం.

వెళ్ళిన చోట పరదా సగమే మూసుకుంది. పరీక్ష చేసినామె, "తెల్లమచ్చ ఉంది, పెద్దాసుపత్రికి పో" అని కాగితం చేతిలో పెట్టింది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. పురిటిల్లు కదా అని నేనూ ఇంట్లో చెప్పలేదు. మనవడిని ఒళ్ళో వేసుకుని, వీడి మొదటి పుట్టినరోజుకు ఉంటానో లేదో అనుకుంటూ పంతొమ్మిది రాత్రులు గడిపాను. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మళ్ళీ చూసి, ఇది కాన్సర్ కాదు, కాన్సర్‌కు ముందు వచ్చే మార్పు అని చెప్పింది. ఆ భాగాన్ని అతిచల్లని వాయువుతో గడ్డకట్టించి, ఆ రోజే ఇంటికి పంపింది. ఏడాదికి మళ్ళీ రమ్మంది. తెల్లమచ్చ ఉన్నంత మాత్రాన కాన్సర్ కాదన్న ఒక్క మాట మొదటే చెప్పి ఉంటే ఆ పంతొమ్మిది రాత్రులు నిద్రపోయేదాన్ని.

30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకొకసారి ఈ పరీక్ష జరగాలని 2016లో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పాయి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే, దేశంలో 30-49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. దీన్ని ఆడవాళ్ళ అజ్ఞానమనడం తేలిక. "పోతే సంచి తీసేస్తరు" అని మన బస్తీల్లో అంటారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2015-16 సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి 3.2 మంది అయితే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెల్లబట్ట అవుతోందని పోయి సంచి పోగొట్టుకుని వచ్చిన మనిషి ప్రతి గల్లీలోనూ ఉంది. అందుకని ఇది సంచి తీసే పరీక్ష కాదని, మచ్చ కనిపించినా చాలావరకు చిన్న చికిత్సతో సరిపోతుందని మనం విడమరచి చెప్పాలి.

పరీక్ష మన హక్కు అంటున్నాం. ఆ హక్కును వాడుకోవడానికి ఒక పూట కావాలి. ఆ పూట లేకపోతే హక్కు చీటీ మీదే ఉండిపోతుంది. కాబట్టి మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మధ్యాహ్నాలూ సెలవురోజులూ కూడా పరీక్ష జరగాలి. పూర్తిగా మూసుకునే పరదా, ఆడమనిషి ఉండాలి. ఏం చేస్తున్నారో ముందు చెప్పి మన ఒప్పుకోలు తీసుకోవాలి. ఫలితాన్ని మన భాషలో, తెలుగైనా ఉర్దూ అయినా, అక్కడే విడమరచి చెప్పాలి. పెద్దాసుపత్రికి పంపితే ఏ రోజు, ఎవరి దగ్గరకో రాసివ్వాలి.

ఇవి సర్కారును అడిగేవి. ఇంట్లో అడగాల్సినదీ ఉంది. ఆపా ఇచ్చిన పూట గొప్పదే. కానీ ఒక ఆడదాని పూట ఇంకో ఆడది తీర్చడంతో ఆగిపోతే ఇంట్లో మగవాళ్ళ రోజు మారదు. ఏడాది తర్వాత తిరిగి చూపించుకోవడానికి నేను వెళ్ళే రోజున మా ఆయన దుకాణం మానేసి అమ్మ దగ్గర కూర్చోవాలి. ఆ మాట ఇంట్లో చెప్పేశాను. సరేనన్నాడు. కూర్చుంటాడో లేదో వచ్చే సమావేశంలో మీకు చెబుతాను.

ఈలోగా మీ పోపులడబ్బాల కింద ఏమైనా చీటీలుంటే బయటికి తీయండి.