గాలివాన జాడ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



తూర్పు సముద్రపు గాలివాన మన తీరవాసులకు క్రొత్త చుట్టము కాదు. వైశాఖమున ఒకమారు, ఆశ్వయుజ కార్తికములయందు మరియొకమారు దాని భయము తప్పదు. అయినను అది యెటనుండి వచ్చుచున్నదో, ఎచ్చట తీరము దాటునో, ఏ యూరిమీదికి సముద్రమును తోలుకొని వచ్చునో ముందుగా తెలిసికొను విద్య మిక్కిలి యిటీవలిది. ఆ విద్య యెట్లు పుట్టినది, అందు సామాన్యుడు నేర్వదగినది యెంత యనునదియే నేటి ప్రసంగ విషయము.

మన పూర్వులు ఆకాశమును చూడలేదా యనిన, చూచిరి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, కోష్ఠాగారమునందు మూరెడు మూతిగల కుండము నుంచి వానను కొలువవలెనని విధించెను. ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘము గర్భము దాల్చిన దినమునకును వర్షించు దినమునకును నడుమ 195 దినములని లెక్కకట్టెను. చీమలు గ్రుడ్లను మోసికొనిపోవుట ఆసన్నవర్షమునకు గురుతని చెప్పెను. ఇవి తక్కువ విషయములు కావు. కాని యివి యన్నియు ఒకచోట నిలిచి చూచినవాని లెక్కలు. గాలివాన యొకచోట నిలుచునది కాదు. వందల మైళ్ల వెడల్పున సుడి తిరుగుచు, తానే సాగిపోవునది. పూర్వము ఒక్క గ్రామపు అడంగలు చూచి తాలూకా పంట యెంతో చెప్పుట యెట్లు సాధ్యము కాకుండెనో, ఒక్క రేవున నిలిచి తుపాను రూపము చెప్పుటయు అట్లే సాధ్యము కాకుండెను. అన్ని గ్రామముల లెక్కలును ఒకచోట చేర్చి కూడినవాడు కావలసివచ్చెను.

అట్టివాడు కలకత్తాలో దొరికెను. హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు పూర్వాశ్రమమున ఓడ నాయకుడు. పిదప కలకత్తాలో ఓడ ప్రమాదములను విచారించు న్యాయస్థానమునకు అధ్యక్షుడు. 1839 నవంబరులో మన కోరంగి రేవును గాలివానయు, ఉప్పెనయు నాశనము చేసినవి. పిడింగ్టన్ బంగాళాఖాతమున తిరిగిన ఓడల దినచర్య పుస్తకములను సేకరించి, అట్టి తుపానులను ఒక్కొక్కదానినే పరిశీలించెను. సముద్రములో ప్రాణభయముతో ఊగుచున్న ఓడమీద కూడ ఎవడో ఒక ఉద్యోగి గాలి దిక్కును, భారమితి మట్టమును, వేళను తప్పక వ్రాసియుంచెను. ఆ వ్రాత లేనిచో ఈ శాస్త్రము లేదు.

పిడింగ్టన్ పద్ధతి యిది. ఒక దినము మధ్యాహ్నవేళ ఏ యోడ యెక్కడ నున్నదో పటముమీద గుర్తించవలెను. ప్రతి గుర్తువద్ద గాలి దిక్కు తెలుపు బాణము వేయవలెను. బాణమునకు అడ్డముగా, లంబముగా గీత గీయవలెను. ఆ గీతలన్నియు ఇంచుమించు ఒకచోట కలిసికొనును. అదియే తుపాను నడిబొడ్డు. మరునాటి మధ్యాహ్నమునకు మరల ఇట్లే గీసినచో బొడ్డు జరిగిన మార్గము తెలియును. దానిని బట్టి మూడవనాటి తావు ఊహింపవచ్చును. 1848లో అతడు నావికులకై ప్రకటించిన గ్రంథమున ఈ సుడిగాలికి గ్రీకు భాషనుండి 'సైక్లోన్' అని పేరు పెట్టెను. పాము చుట్టయని దాని భావము. పటముమీద నుంచి చూచుకొనుటకు కొమ్ముతో చేసిన పారదర్శకమైన పలకలను కూడ ఆ గ్రంథమునకు జతపరచెను.

ఈ పద్ధతినుండి వచ్చిన సూత్రమొకటి పలకా బలపమా లేకయే మనకు ఉపయోగపడును. మన దేశమున గాలివానవేళ గాలికి ఎదురుగా ముఖము పెట్టి నిలిచినచో, తుపాను బొడ్డు కుడిచేతి వైపున, కొంచెము వెనుకగా నుండును. ఈశాన్యపు గాలి వీచుచున్నచో తుపాను ఆగ్నేయమున, సముద్రములో నున్నదన్నమాట. పడమరగా సాగు తుపాను సంగతి చూడుడు. గాలి ఈశాన్యమునుండి తూర్పునకు, తూర్పునుండి ఆగ్నేయమునకు తిరిగినచో బొడ్డు మనకు దక్షిణముగా దాటుచున్నది. ఉత్తరమునుండి వాయవ్యమునకు, పడమరకు తిరిగినచో మనకు ఉత్తరముగా దాటుచున్నది. దిక్కు మారక గాలి బలము మాత్రము పెరుగుచున్నచో బొడ్డు మనమీదికే వచ్చుచున్నది. అప్పుడు నడుమ గాలి ఒక్కమారుగా ఆగిపోవును. చుక్కలు కూడ కనబడవచ్చును. గండము గడచినదని గొడ్లను వెదకుటకు బయలుదేరినవారు ఎందరో ఆ వెనుక ఎదురుదిక్కునుండి వచ్చిన గాలికి బలియైరి.

ఇందు కుడియెడమల భేదము ప్రాణముతో సమానమైనది. తుపాను సాగు మార్గమునకు కుడివైపున గాలి సముద్రమునుండి భూమిమీదికి వీచి నీటిని ఒడ్డునకు ఎక్కించును. ఎడమవైపున భూమినుండి సముద్రములోనికి నెట్టును. తీరపు నీరు లోతు తక్కువైన కొలది ఉప్పెన యెత్తు హెచ్చును. 1977 నవంబరు 19వ తేదీన తుపాను చీరాల ప్రాంతమున తీరము దాటినది. మృత్యువు మాత్రము దివిసీమమీద పడినది. మార్గమునకు కుడివైపున నున్నది దివిసీమ. ఇంచుమించు 10,000 మంది పోయిరి.

పిడింగ్టన్ మాట కూడ పాలకులు అన్నివేళల వినలేదు. మాతలా నదిమీద క్రొత్త రేవు కట్టదలచినప్పుడు, ఉప్పెన వచ్చి దానిని ముంచునని 1853లో గవర్నరు జనరలునకే బహిరంగముగా వ్రాసెను. రేవు కట్టిరి. 1858లో అతడు మరణించెను. 1867లో తుపాను వచ్చి ఆ రేవును పాడుచేసెను. ఈలోపల 1864 అక్టోబరు 5న కలకత్తాలోను, నవంబరు 1న మన మచిలీపట్టణమునందును ఘోరమైన ఉప్పెనలు సంభవించినవి. ఒక్క బందరు ప్రాంతముననే 30,000 మంది మరణించిరని లెక్క. ఆ పిదపనే 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలును, 1875లో భారత వాతావరణ శాఖయు ఏర్పడినవి.

నాటి ఓడల పుస్తకముల పనిని నేడు ఉపగ్రహములును, రాడారులును, గణకయంత్రములును చేయుచున్నవి. విశాఖపట్టణమున తుపానులను కనిపెట్టు రాడారు 1970లో నెలకొన్నది. 1990 మే నెలలో ఇంచుమించు 1977 నాటి దానికి సాటియైన తుపాను కృష్ణా ముఖద్వారమువద్దనే తీరము దాటినప్పుడు లక్షలాది ప్రజలను ముందుగా తరలించిరి, మృతులు వేయిలోపే. తుపాను బలము తగ్గలేదు. వార్త ముందుగా చేరినది, జనము కదలిరి.

వార్త చేరినను దానిని చదువుట తెలియవలెను గదా. రేవున ఎగురవేయు ప్రమాదసూచికల విషయమున పెద్దలు కూడ పొరబడుచుందురు. ఎనిమిదికంటె తొమ్మిది, తొమ్మిదికంటె పది హెచ్చు ప్రమాదమని జనాభిప్రాయము. అది సరి కాదు. ఈ మూడును మహాప్రమాదములే. రేవు తుపాను మార్గమునకు ఎడమగా నుండునేని ఎనిమిది. కుడిగా నుండునేని తొమ్మిది. తుపాను రేవుమీదుగా గాని మిక్కిలి సమీపమున గాని దాటునేని పది. అయిదు, ఆరు, ఏడు సంఖ్యలకును ఇదే క్రమము. తుపాను బలము మాత్రము కొంత తక్కువ. కనుక తొమ్మిదవ సూచిక ఎగిరినదని విన్న తీరవాసి, పది కాలేదు గదా యని ఇంట కూర్చుండరాదు. ఉప్పెన వచ్చువైపు తనదేయని తెలిసికొని, చీకటి పడకమునుపే పిల్లలను, వృద్ధులను మెరకకు చేర్చవలెను.

పదునొకండవ సూచిక యొకటి కలదు. వాతావరణ కేంద్రముతో సంబంధములు తెగిపోయినవనియు, తుపాను ప్రమాదము కలదని రేవు అధికారి తన బుద్ధితో తలచుచున్నాడనియు దాని అర్థము. తంత్రులు తెగి, వార్తలు నిలిచిన ఆ వేళ అతనికి మిగులునవి భారమితి, గాలి దిక్కు, గాలికెదురుగా నిలిచినప్పుడు తన కుడిచేయి.