మా సంఘం మీటింగులో సంబరం
(వార్షిక మహాసభలో రావివలస సంఘం లీడరు ప్రసంగం)

మాకు పెద్ద మాటలు రావు. మా సంఘంలో జరిగింది జరిగినట్టు చెప్తాం.

మా సంఘంలో 12 మందిమి. పంచసూత్రాలు మనందరికీ నోటికొచ్చినవే. క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. పుస్తకంలో చూస్తే అయిదూ జరుగుతున్నాయి. కానీ మీటింగంటే ఏటి? వచ్చి డబ్బు కట్టడం, సంతకం పెట్టడం, పొయ్యి మీద కూర ఉందని పరిగెట్టడం. కొందరు డబ్బు పిల్లల చేత పంపీసేవారు. కిస్తీ బాకీ పడ్డవాళ్ళు ముఖం చాటేసేవారు.

మగవాళ్ళకు టీ కొట్టుంది, రచ్చబండ ఉంది. కుర్రాళ్ళకు యువజన సంఘం ఉంది. మనం కాసేపు కూర్చుని నవ్వుకోడానికి ఏ చోటుంది? ఉన్న ఒక్క సంఘాన్నీ మనమే వసూళ్ళ ఆఫీసు చేసేసినాం.

అందుకని రెండేళ్ళ కిందట కార్తీకంలో సంబరం పెట్టినాం. కార్తీకమంటే మా ఎండల మల్లన్న దగ్గరకు ఎక్కడెక్కడి జనమో వస్తారు, ఊళ్ళో ప్రతి ఇంటా చుట్టాలే. ఆ సందడి తగ్గాక ఒక సాయంత్రం పసుపు కుంకుమలు, గాజులు, పులిహోర అనుకున్నాం. తీరా చూస్తే వచ్చింది తొమ్మిది మందిమే. రానివాళ్ళలో ఇద్దరు భర్త పోయినవాళ్ళు. తర్వాత అడిగితే, "బొట్టు పెట్టే చోటికి మేమెలా వస్తాం అప్పా?" అన్నారు. బ్యాంకు అప్పుకు మాతోపాటు వాళ్ళూ పూచీ పడ్డారు. పూచీకి పనికొచ్చినవాళ్ళు పండక్కి పనికిరారా? ఆ తప్పు మాదే. మూడో ఆమె మూడు కిస్తీలు బాకీ ఉంది. అందరి ముందూ అడుగుతామని రాలేదు.

తర్వాతి మీటింగులో తీర్మానం రాసుకున్నాం. పొదుపు డబ్బు, అప్పు డబ్బు సంబరానికి ముట్టకూడదు. తలా పది రూపాయలు, లేనివాళ్ళు గుప్పెడు అటుకులు తెచ్చినా చాలు. అందరూ కలిసే ఆటలే పెట్టాలి. లెక్కలు ముందే ముగించాలి, ఆట మొదలయ్యాక బాకీ మాట ఎత్తకూడదు. ఖర్చు పైసాతో సహా పుస్తకంలో రాయాలి.

ఇప్పుడు నెలకో మీటింగు తర్వాత అరగంట ఆట. కుర్చీలాట, అష్టాచెమ్మా, పాటలు. నిరుడు అట్లతద్దికి చింతచెట్టుకు ఊయల కట్టినాం, భర్త పోయిన ఆ ఇద్దరూ ఊగినారు. అరవై దాటిన ఒక పిన్ని కుర్చీలాటలో మమ్మల్నందర్నీ ఓడించింది. బహుమతి ఒక సబ్బుబిళ్ళ. వారం రోజులు వీధి వీధంతా చూపించింది. "అప్పులు తీర్చలేరు గానీ ఆటలా?" అని ఇళ్ళల్లో అన్నవాళ్ళూ ఉన్నారు. వసూళ్ళ పుస్తకం తెరిచి చూపించినాం. ఒక్క నెలా తగ్గలేదు.

అసలు మాట చెప్పాలి. ఒకరోజు ఆట అయ్యాక మూడు కిస్తీల బాకీ ఆమె తనే నోరు విప్పింది. ఇంటాయనకు కిడ్నీ జబ్బట. ఉద్దానం పక్కనున్న మనకు ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. డయాలసిస్‌కు తోడు వెళ్ళిన ప్రతిరోజూ ఆమె కూలి పోతుంది. పక్క వీధిలో ఉండి మాకు తెలీలేదు. కిస్తీ ఏదని అడిగినాం గానీ, ఎలా ఉన్నావని అడగలేదు. ఆ రోజే కూర్చుని వాయిదాలు చిన్నవి చేసినాం, అంతర్గత నిధి నుంచి కొంత సర్దినాం. బాకీ ఇంకా ఉంది. కానీ ఆమె ఇప్పుడు ఏ మీటింగూ మానదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కలు సారా మీద తిరగబడ్డారంటే, చదువు తరగతుల్లో కలిసి కూర్చుని మాట్లాడుకున్నందుకే. కూర్చోడానికి మనసొస్తేనే మాట బయటికొస్తుంది.

అందుకని సమాఖ్యకు మా విన్నపం ఒక్కటే. ప్రతి సంఘమూ నెలకు అరగంట ఆటకు పెట్టుకోవాలి. పెట్టుకునే ముందు, ఈ సంబరానికి రాలేనిది ఎవరని ఒక్కసారి పేర్లు చదువుకోవాలి.