ప్రయోగాల లెక్కలు బీరువాలో ఉండరాదు



ఫలానా వంగడం మేలనీ, ఎకరాకు ఇంత ఎరువు వేయవలెననీ మేము చెప్పుచుందుము. "ఆ లెక్క ఏ నేల మీద తేలినది?" అని మీరు అడుగవలెను. నల్లరేగడిలో తేలిన లెక్క చెల్క నేలకు అట్లే పనికిరాదు గదా!

అందుచేత సిఫారసు ఒక్కటే చాలదు. భూసారం, విత్తిన తేదీ, కురిసిన వాన, ఒక్కొక్క మడి దిగుబడి, ఎరువు వేయని మడి దిగుబడి, ఇవన్నీ భద్రపరచి అందరికీ అందుబాటులో ఉంచవలెను. పంట పోయిన ఏటి లెక్కలు కూడ దాచరాదు. దాచినచో ఆ వంగడం ఎన్నడూ దెబ్బతిననిదే అనిపించును.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1843లో ప్రారంభించిన గోధుమ ప్రయోగం నేటికీ సాగుచున్నది. దాని దిగుబడి లెక్కలు, మట్టి నమూనాలు దాచియుంచినందున, ప్రారంభించినవారు ఊహించని ప్రశ్నలకు కూడ తరువాతివారు జవాబులు రాబట్టిరి.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు 'కృషికోశ్' అను ఇంటర్నెట్ భాండాగారంలో చేరుచున్నవి. చాలవరకు ఇంగ్లీషులో ఉన్నవి; కళాశాలలో చదువు మీ పిల్లలచేత చదివించుకొనవచ్చును. అయితే గ్రంథంలోని సగటు అంకెలతో బాటు మడివారీ లెక్కలు కూడ అందులో చేరవలెను. అది మా బాధ్యత.

మీ పొలంలో ప్రయోగం జరిగినచో లెక్కల నకలు అడిగి తీసుకొనండి. మీ అనుమతి లేనిదే మీ పేరు, సర్వే నంబరు వెల్లడి చేయరాదని ముందే చెప్పండి. లెక్క పదిమంది కంట పడిననాడే తప్పు బయటపడును, ఒప్పు నిలుచును.