టేబుల్ బుక్ చేసే ముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏం మాట్లాడతావని కార్యదర్శి గారు ఫోన్ చేసి అడిగితే, "పబ్బులో కలుసుకోవడం గురించి" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "ముందు వరుసలో మాస్టార్లు ఉంటారు, గుర్తుందా?" అన్నారు. గుర్తు లేకేం? ఎదురుగా కనిపిస్తున్న ఆ వరండాలో గోడకుర్చీ వేసినవాణ్ణి నేను. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకునే మాట్లాడతాను.

మాది 1986 పదో తరగతి బ్యాచ్. అందులో పద్నాలుగు మందిమి హైదరాబాద్‌లో స్థిరపడ్డాం. ఊళ్లో జరిగే పెద్ద సమ్మేళనాలకు వస్తాం, శాలువాలు కప్పుతాం, ఫొటోలు దిగుతాం, వెళ్లిపోతాం. ఒకే నగరంలో ఉంటూ ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూడం. స్టేజీ, మైకు, దండలు లేకుండా ఊరికే ఒక పూట కూర్చుందామని గ్రూపులో అనుకున్నాం. ఏర్పాట్లు నేను చూస్తానన్నాను. ముప్పై ఏళ్లుగా భవనాలు కట్టిస్తున్న ఇంజినీరును, పద్నాలుగు మందిని ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టలేనా అనుకున్నాను.

వాట్సాప్‌లో పోల్ పెట్టాను. శనివారమా, ఆదివారమా? శనివారానికి ఎక్కువ ఓట్లు. భోజనం మాత్రమేనా, పబ్బా? పబ్బుకు ఎక్కువ ఓట్లు. మాదాపూర్ వైపు, నా ఆఫీసుకు దగ్గర్లో పబ్బూ రెస్టారెంటూ కలిసి ఉన్న చోటొకటి చూశాను. డిసెంబర్‌లో ఒక శనివారం రాత్రి ఎనిమిదింటికి. పద్నాలుగు మందికి టేబుల్ అంటే కనీస బిల్లు ఇంత అవుతుందన్నారు, సగం ముందే కట్టాను. గ్రూపులో వివరాలు పెట్టగానే అందరూ బొటనవేళ్లు ఎత్తారు.

ఆ రాత్రి వచ్చింది ఆరుగురం, నాతో కలిపి.

తొమ్మిదింటికి పాటల మోత మొదలైంది. యాభై దాటిన ఆరుగురు మగాళ్లం ఒకరి చెవిలో ఒకరం అరుచుకున్నాం. నా పక్కన కూర్చున్న మిత్రుడి నాన్నగారు చిన్నప్పుడు మాకు వాళ్ల తోటలో జామకాయలు కోసిపెట్టేవారు. "నాన్నగారు బాగున్నారా?" అని అరిచాను. అతనేదో అన్నాడు. నాకు వినపడలేదు. బాగున్నారనే అని ఉంటాడనుకుని బొటనవేలు పైకెత్తి చూపించాను. అతను తల దించుకుని పల్లీలు తినసాగాడు.

పద్నాలుగు మంది బిల్లు ఆరుగురం పంచుకున్నాం. కనీస బిల్లు నింపడానికి బిర్యానీలు పార్సిల్ కట్టించుకుని పదకొండింటికి బయటపడ్డాం. రానివాళ్ల మీద నాకు బాగా కోపంగా ఉంది. మర్నాడు గ్రూపులో "మాట ఇస్తే నిలబడాలి" అని ఒక పెద్ద మెసేజ్ టైపు చేశాను. పంపబోతుంటే మా ఆవిడ చూసి, "పంపేదేదో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగాక పంపండి" అంది.

ఎనిమిది ఫోన్లు చేశాను. వారం పట్టింది.

ఒకరి అమ్మగారు ఆస్పత్రిలో ఉన్నారు. ఒకరికి రాత్రి డ్యూటీ పడింది. ఇక మిగిలిన ఆరుగురు.

ఒకడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. డిసెంబర్‌లో మన వాళ్లలో ఎవరో ఒకరు నలభై ఒక్క రోజుల దీక్షలో ఉంటారని నాకు తెలియదా? తట్టలేదు, అంతే. ఇంకొకడు రెండేళ్లుగా చెవికి మిషన్ పెట్టుకుంటున్నాడు. మోతలో దానికి అన్ని శబ్దాలూ ఒకేలా వినిపిస్తాయట. "వచ్చి బొమ్మలా కూర్చోవడం ఎందుకురా" అన్నాడు.

ఇద్దరు మా తరగతి ఆడపిల్లలు. అన్నేళ్లు ఒకే గదిలో చదువుకున్నా ఒక్క మాట మాట్లాడుకోని తరం మాది. ఇప్పటికీ 'మీరు' అనే అనుకుంటాం. ఉప్పల్‌లో ఉండే ఆవిడ అన్నారు: "పబ్బని కాదండీ. ఎనిమిదింటికి మొదలయ్యేది ఎన్నింటికి ముగుస్తుందో ఎవరూ చెప్పలేదు. మాదాపూర్ నుంచి అర్ధరాత్రి ఒక్కదాన్నే ఎలా రాను? ఇంకోటి, మీరు ఫొటోలు వెంటనే గ్రూపులో పెట్టేస్తారు. అవి ఎక్కడెక్కడికో పోతాయి." రెండో ఆవిడ, "మీ పోల్‌లో పగలు అనే మాటే లేదు కదండీ" అన్నారు. నిజమే, లేదు.

ఒకడు దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు. మొదటిసారి, బంధువుల పెళ్లి ఉందన్నాడు. రెండోసారి జ్వరమన్నాడు. మూడోసారి ఫోన్ చేస్తే నవ్వి, "మనిషికి రెండున్నర వేలు అవుతుందని నువ్వే రాశావు కదరా. అది మా ఇంటికి నెల కూరగాయలు" అన్నాడు. నేను కడతానన్నాను. "ఆ మాట అంటావనే చెప్పలేదు" అన్నాడు.

చివరివాడు మా వెనక బెంచీ హీరో. ఎన్ని నవ్వులు నవ్వించాడో ఇక్కడున్న మాస్టార్లకు బాగా తెలుసు. ఇప్పుడు చెప్పబోయేది అతని అనుమతితోనే చెబుతున్నాను. అతను తాగుడు మానేసి నాలుగేళ్లయింది. డీఅడిక్షన్ కేంద్రంలో చేరి, ఇంట్లో అందరూ అతనితో పాటు అవస్థ పడి, మానాడు. మా గ్రూపులో ఎవరికీ తెలియదు. "వస్తే తాగేస్తానని భయం కాదురా. ఎందుకు తాగట్లేదని ఆరుగురు అడుగుతారు. ఆరుసార్లు చెప్పాలి. ఏడోసారి ఎవడో ఒకడు 'ఈ ఒక్కటే, మా కోసం' అంటాడు" అన్నాడు. కాసేపు ఆగి, "పదేళ్ల కిందట నీ గృహప్రవేశం రోజు రాత్రి, వద్దంటున్నా నా చేతిలో గ్లాసు పెట్టింది నువ్వే. నీ వల్ల అలవాటైందని అనను, అప్పటికే ఉంది. కానీ ఆ మాట నువ్వే అన్నావు" అన్నాడు.

నాకు గుర్తు లేదు. అలాంటి మాట అన్నవాడికి గుర్తుండదు, విన్నవాడికి ఉంటుంది. గ్రూపులో పంపాలని రాసుకున్న ఆ మెసేజ్ తీసేశాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి ఉంది. పబ్బు అంటే ఏమిటో నాకు తెలుసు. 2001 నుంచి రెండేళ్లు బ్రిటన్‌లో, మాంచెస్టర్‌లో పనిచేశాను. పబ్బు అంటే పబ్లిక్ హౌస్, నలుగురి ఇల్లు. మన రచ్చబండకు తలుపులు పెట్టి, పొయ్యి వెలిగించినట్టు ఉంటుంది. మా ఆఫీసు వాళ్లు శుక్రవారం సాయంత్రం మూల మీది పబ్బుకు నడిచి వెళ్లేవాళ్లు. బార్ దగ్గరికి వెళ్లి మనమే చెప్పుకోవాలి, అక్కడే డబ్బు కట్టాలి. నలుగురైదుగురు ఉంటే వంతులవారీగా ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొంటారు. ఆదివారం మధ్యాహ్నం పిల్లాపాపలతో వచ్చి మాంసం, బంగాళదుంపల రోస్ట్ భోజనం చేసే కుటుంబాలుండేవి. మా బృందంలో ఒక పెద్దాయన ఎప్పుడూ నిమ్మకాయ సోడాయే తాగేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ రెండేళ్లలో అడగలేదు. అక్కడ అడగని ప్రశ్న ఇక్కడికొచ్చి నా సొంత ఇంట్లో, నా చిన్ననాటి స్నేహితుణ్ణి అడిగాను. పబ్బు పేరు తెచ్చుకున్నాను కానీ ఆ పద్ధతి తెచ్చుకోలేదు.

స్లాబు వేసేటప్పుడు సగటు బరువు చూసి కడ్డీ కట్టం. ఏ మూల తట్టుకోలేదో చూసి కడతాం. పోల్‌లో నేను సగటు చూశాను. ఎక్కువ ఓట్లు దేనికి వచ్చాయో చూశాను కానీ, ఓటు వేయకుండా బొటనవేలు మాత్రం ఎత్తినవాళ్ల సంగతి చూడలేదు.

ఫిబ్రవరిలో మళ్లీ ప్రయత్నించాం. ఈసారి ఏం చేశామో కాస్త వివరంగా చెబుతాను. ఇతర బ్యాచ్‌ల వాళ్లకు పనికొస్తుంది.

పోల్ పెట్టలేదు. ముందుగా రానివాళ్లకే ఫోన్ చేసి, వాళ్లకు కుదిరే రోజు అడిగి, దాన్ని మిగతావాళ్లకు చెప్పాం. ఆదివారం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా. ముగిసే వేళ కూడా ముందే రాశాం.

చోటు అమీర్‌పేట. మియాపూర్, ఎల్‌బీ నగర్ మెట్రో లైనూ నాగోల్, రాయదుర్గం లైనూ కలిసేది అక్కడే. దిల్‌సుఖ్‌నగర్ వాడు, ఉప్పల్ ఆవిడ రైలు మారకుండా రాగలరు. కింద కుటుంబాలు తినే హాలు, పైన బార్ ఉన్న రెస్టారెంటు చూశాం. టేబుల్ కింద తీసుకున్నాం. ముందురోజు అదే వేళకు వెళ్లి పది నిమిషాలు కూర్చుని, పక్కవాళ్ల మాట మామూలు గొంతుతో వినబడుతుందో లేదో చూసి వచ్చాను. పది మందికి అని చెప్పి, ఇద్దరు పెరిగితే కుర్చీలు వేస్తారా అని అడిగాను. కనీస బిల్లు షరతు ఉంటే వద్దన్నాను. ఆదివారం మధ్యాహ్నం ఆ షరతు లేదన్నారు.

బిల్లులు రెండు. భోజనం ఒకటి, మందు ఒకటి. మద్యం జీఎస్టీలో లేదు, దానికి రాష్ట్ర వ్యాట్ పడుతుంది కాబట్టి విడిగా ఇమ్మనడానికి మొహమాటం అక్కర్లేదు. తాగినవాళ్లు తాగినదానికి కట్టుకుంటారు. భోజనానికి మనిషికి ఇంతకు మించకుండా ముందే వంటకాలు అనుకున్నాం. సర్వీస్ చార్జి అని బిల్లులో కలిపితే తీసేయమని అడగవచ్చు. అది తప్పనిసరి కాదని 2022లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. ఆ డబ్బు వడ్డించిన కుర్రాడి చేతిలో పెడితే మంచిది.

తాగినవాళ్లు బండి తీయకూడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారికే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. మన వయసుకు ఆ వార్త ఇంటికి చేరడమే పెద్ద శిక్ష.

ఇక రెండు మాటలు నిషేధం అనుకున్నాం. ఒకటి, "ఎందుకు తాగట్లేదు?" రెండు, "ఈ ఒక్కటే". ఫొటో ఒకటే, అందరూ సరేనన్నాకే గ్రూపులోకి.

పదకొండు మందిమి వచ్చాం. దిల్‌సుఖ్‌నగర్ లెక్కల మాస్టారు తన వాటా తను లెక్కపెట్టి ఇచ్చి, మా బిల్లు కూడికలో తప్పు కూడా పట్టాడు. వెనక బెంచీ హీరో నిమ్మకాయ సోడా చెప్పి, సైన్సు మాస్టారు కప్పను కోసిన రోజు కథ మొదలెడితే ఉప్పల్ ఆవిడ నవ్వలేక కళ్లు తుడుచుకున్నారు. ఇద్దరు బీరు తాగారు. మిగతావాళ్లకు ఆ సంగతే పట్టలేదు.

మూడు దాటాక, జామతోట వాళ్లబ్బాయి నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. "ఆ రోజు నువ్వు నాన్న సంగతి అడిగావు కదా" అన్నాడు. "పోయి ఐదు నెలలైందని చెప్పాను. నువ్వు బొటనవేలు ఎత్తావు."

నేనేం చెప్పను? క్షమించమన్నాను. "వినపడలేదని తెలుసులేరా" అన్నాడు. తర్వాత అరగంట సేపు వాళ్ల నాన్నగారి చివరి రోజుల గురించి చెప్పాడు. ఈసారి ప్రతి మాటా విన్నాను.

అన్నీ సర్దుకున్నాయని అనను. ముగ్గురు రాలేదు. చెవి మిషన్ మిత్రుడు వారిలో ఒకడు. మా హాలు నాకు నిశ్శబ్దంగానే అనిపించింది, అతనికి అనిపిస్తుందో లేదో నేను చెప్పలేను. వచ్చేసారి అతని ఇంటి డాబా మీదే కలుద్దామంటున్నాడు. సరేనన్నాం.

ప్రతి బ్యాచ్ వాళ్లకూ నా విన్నపం ఒక్కటే. కలుసుకునే చోటు పబ్బయినా, టిఫిన్ సెంటరయినా, ఈ బడి ఆవరణయినా, టేబుల్ బుక్ చేసే ముందు మీ గ్రూపులో మాట్లాడనివాళ్లకు ఫోన్ చేయండి. మొదటిసారి పెళ్లి అంటారు, రెండోసారి జ్వరం అంటారు. మూడోసారి కూడా చేయండి.

మాస్టార్లూ, మా మధ్యాహ్నపు కలయికకు మిమ్మల్నీ పిలవాలని ఉంది. బార్ పైన ఉంటుంది, మనం కింద కూర్చుంటాం. వస్తానంటే మెట్రో స్టేషన్ దగ్గరికి వచ్చి తీసుకెళతాను. గోడకుర్చీ మాత్రం వేయించకండి, మోకాళ్లు ఒప్పుకోవు.